గేటు పాడైతే సముద్రం మీదకు నెట్టకండి

“సముద్రం పక్కన ఇల్లు కట్టుకుని గేటు తుప్పు పట్టిందని ఏడిస్తే ఎలా?” ఈ మాట సురత్కల్‌లో విన్నాను, బరంపురంలో విన్నాను, యానాంలో అత్తయ్య వాళ్ళ అరుగు మీద కూర్చుని కూడా విన్నాను. అన్నవాళ్ళంతా నాకంటే పెద్దవాళ్ళు, ఇళ్ళు కట్టించినవాళ్ళు. అయినా ఈ మాట తప్పు అని రాయడానికే కూర్చున్నాను. ఉప్పు గాలి కొత్తగా వచ్చింది కాదు. అది ఉంటుందని గేటు చేసేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు. తెలిసి కూడా రెండేళ్ళలో పోయే సరుకు కట్టి, పోయాక సముద్రాన్ని చూపిస్తారు. సముద్రం తిరిగి మాట్లాడదు కదా.

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు రాత అమ్మమ్మ నేర్పింది, అందుకని నా వాక్యాలు కొంచెం కన్నడ నడక నడుస్తాయి. ఒక మాట మాత్రం చెప్పాలి. కన్నడంలో తుప్పును ‘తుక్కు’ అంటారు. తెలుగులో తుక్కు అంటే పాత ఇనుము, పనికిరాని చెత్త. మా ఇంట్లో రెండు అర్థాలూ కలిసిపోయాయి. “గేటు తుక్కు అయింది” అని తాతయ్య అంటే ఏ భాషలో అన్నాడో అడగక్కర్లేదు, రెండింట్లోనూ నిజమే.

1970ల మొదట్లో పనంబూరు రేవు కడుతున్నప్పుడు తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అప్పటి ఇంటికి గేటు లేదు, తడమె ఉండేది. పశువు దూరకుండా, మనిషి మాత్రం కాలెత్తి దాటేలా కంచెలో వదిలే దారి అది. ఇప్పుడు కారు ఉంది, కొరియర్ వాళ్ళున్నారు, రాత్రిళ్ళు కుక్కలున్నాయి, గేటు కావాలి. వద్దని నేను అనడం లేదు.

ముందు ఉప్పు సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ దీన్నే అటుదిటు చెప్తారు. “మంగళూరు వాన వల్ల తుప్పు” అంటారు. మా దగ్గర ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది, నిజమే. కానీ వాన గేటు మీది ఉప్పును కడిగేస్తుంది. గేటు ముందు వైపు బాగుండి, కింది పట్టీ అడుగున, తాళం పెట్టె వెనకాల, వాన తగలని చోట ముందు తుప్పు మొదలవడం మీరు చూసే ఉంటారు. అక్కడ ఉప్పు పేరుకుంటుంది, కడిగేవాళ్ళు లేరు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చుకుంటుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతం చాలు. మా తీరంలో తేమ అంత కిందికి దిగే రోజులు అరుదు. అంటే ఎండాకాలం మధ్యాహ్నం పొడిగా కనిపించే గేటు కూడా ఆ మూలల్లో తడిగానే ఉంటుంది. అందుకే నవంబరు నుంచి మే దాకా, వాన లేని నెలల్లో, పదిహేను రోజులకోసారి పైపుతో మంచినీళ్ళు కొట్టి అడుగుభాగం కడగాలి. రూపాయి ఖర్చు లేని ఈ పని ఏ గేటు షాపువాడూ చెప్పడు.

ఇప్పుడు సరుకు దగ్గరికి వస్తాను. షాపులో మొదటి మాట “జీఐ పైపు సార్, తుక్కు రాదు”. జీఐ అంటే జింకు పూత ఉన్న ఇనుము. పూత ఎంత మందం అని అడగండి. షీటు చుట్టి చేసే పైపుల్లో చాలావాటికి చదరపు మీటరుకు 120 గ్రాముల జింకు ఉంటుంది, అదీ రెండు వైపులా కలిపి. ఒక వైపుకు లెక్క వేస్తే ఎనిమిదిన్నర మైక్రాన్లు కూడా రాదు. ఐ.ఎస్.ఓ. 9223 ప్రమాణంలో గాలిని అది లోహాన్ని ఎంత తింటుందో దాన్ని బట్టి తరగతులుగా విడదీశారు. అందులో ‘సి5’ అనే తీవ్రమైన తరగతిలో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు అరిగిపోతుంది. అంటే ఆ పూత ఒకటి, మహా అయితే రెండేళ్ళు. అదే గేటును పూర్తిగా వెల్డింగ్ చేసి, ఆ తర్వాత మొత్తంగా కరిగిన జింకులో ముంచితే, ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మందం ఇనుముకు సగటున 55 మైక్రాన్లు పట్టాలని ఐ.ఎస్.ఓ. 1461 చెప్తుంది. అదే గాలిలో ఆరున్నర నుంచి పదమూడేళ్ళు. సముద్రం రెండింటికీ ఒకటే. మారింది పూత.

ఇంకో సంగతి. జీఐ పైపు తెచ్చి వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర జింకు కాలిపోతుంది. 907 డిగ్రీలకే జింకు మరిగి ఆవిరవుతుంది, ఆర్క్ వేడి దానికి ఎన్నో రెట్లు. ఆ తెల్ల పొగ అదే. ఆ తర్వాత గ్రైండర్ తిప్పి, వెండి రంగు స్ప్రే కొట్టి, “చూడండి సార్, అతుకే కనబడదు” అంటారు. గేటు ఎక్కడ బలంగా ఉండాలో అక్కడే బట్ట లేకుండా నిలబెట్టి, మిగతా చోట చొక్కా తొడిగినట్టు. మా ఇంటి పాత గేటు మొదట విడింది అతుకుల దగ్గరే, అదీ మూడో వానాకాలానికే. చేసినవాడిని పిలిస్తే వచ్చి, పడమర వైపు చెయ్యి చూపించి వెళ్ళాడు.

“అయితే స్టీలు వేయించుకుంటాం” అంటారు వదినలు. స్టీలు అంటే ఏ స్టీలు? 202, 304, 316 మూడూ కంటికి ఒకటే. 304లో ఎనిమిది శాతం పైన నికెల్ ఉంటుంది. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు వేస్తారు, చవక. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు తట్టుకునేది అదే. షాపులో అయస్కాంతం పెట్టి “చూడండి అంటుకోలేదు, ఒరిజినల్ 304” అంటారు. 202కీ అయస్కాంతం అంటుకోదు! ఈ పరీక్ష చేసి చూపించేవాడికి ఈ విషయం తెలియదంటే నేను నమ్మను. మాంగనీసు, మాలిబ్డినం పట్టిచ్చే చుక్కమందు కిట్లు దొరుకుతాయి, బిల్లు మీద గ్రేడు రాయమంటే రాయాలి. రాయను అంటే అర్థమైపోయింది కదా. 304 అయినా సముద్రానికి దగ్గరైతే టీ మరకల్లాంటివి వస్తాయి. బ్రష్ చేసిన గీతల స్టీలు కంటే అద్దంలా పాలిష్ చేసినది మేలు, గీతల్లో ఉప్పు దాక్కుంటుంది. స్టీలు గేటుకు మామూలు ఇనుప బోల్టులు పెడితే ఆ చిన్న బోల్టే ముందు తినబడుతుంది. టైల్స్ వేసిన వాళ్ళు ర్యాంపు మీద ఆసిడ్ పోసి కడుగుతారే, దాని ఆవిరి తగిలిన స్టీలుకు వారంలో మచ్చలు. గేటు బిగించేది ఆసిడ్ పని అయ్యాకే అని ఇంజినీరుకు గట్టిగా చెప్పండి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా “పాస్” అనే మాటను అనుమానించడమే నా జీతం. అందుకే “1,000 గంటల సాల్ట్ స్ప్రే టెస్ట్ పాస్” అనే కాగితం చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ పరీక్షలో 35 డిగ్రీల పెట్టెలో 5 శాతం ఉప్పునీటి పొగ ఆపకుండా వదులుతారు. ఎండ లేదు, ఆరడం లేదు, మళ్ళీ తడవడం లేదు. ఒక పూతను ఇంకో పూతతో పోల్చడానికి, ఫ్యాక్టరీలో పొరపాటు పట్టుకోవడానికి అది పనికొస్తుంది. దాన్నుంచి మీ ఇంట్లో ఇన్నేళ్ళు ఉంటుందని లెక్క తీయకూడదని ఆ ప్రమాణాలు రాసినవాళ్ళే చెప్పారు. పైగా ఆ పరీక్షకు పంపింది చదునైన చిన్న రేకు ముక్క. మీ గేటుకు మూలలున్నాయి, అతుకులున్నాయి, కారు గీరిన గీతలున్నాయి. ఐ.పి. 65 అని మోటారు డబ్బా మీద ఉండేదీ అంతే. అది దుమ్ము, నీటి చిమ్ములు దూరవని చెప్తుంది, ఉప్పు గురించి ఒక్క అక్షరం చెప్పదు.

ఇక ఎత్తు గేట్ల సరదా. ఆరడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు, అంతా మూసిన రేకు, మీద లేజరుతో కోసిన ఆకులు. వీధి కనబడదు, వచ్చినవాడెవడో కనబడదు. దొంగ ఒకసారి లోపలికి దూకాడంటే అతనూ ఎవరికీ కనబడడు. దీన్నే సెక్యూరిటీ అంటున్నారు. సరే, అభిరుచి అనుకుందాం. గాలిని ఏం చేస్తారు? గాలి ఒత్తిడి లెక్క మన ఐ.ఎస్. 875లో ఉంది. సెకనుకు ఎన్ని మీటర్లో ఆ అంకెను దానితోనే హెచ్చించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లు వస్తాయి. మంగళూరుకు డిజైను గాలి 39, చెన్నైకీ ఒడిశా తీరానికీ 50. ఆ రేకు గేటు మీద కనీసపు లెక్కలో మంగళూరులో 600 కిలోల పైన, గోపాలపురం వైపు దాదాపు ఒక టన్ను తోపు. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 1996 నవంబరు తుఫాను యానాం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కమ్మీల మధ్య ఖాళీ వదిలితే ఆ గాలిలో చాలా భాగం దారి చూసుకుని పోతుంది. రేకైతే మొత్తం బరువు బందుల మీద, స్తంభం మీద. మా తీరంలో ఎర్ర మురకల్లుతో స్తంభం కట్టి, అందులో రెండు ఇనుప ముక్కలు సిమెంటుతో పూడ్చి గేటు వేలాడదీస్తారు. ఆ ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, రాయి పగుల్తుంది. భారీ గేటుకు లోపల కాంక్రీటు స్తంభం ఉండాలి, మాటే లేదు.

ఇంతవరకు డబ్బు సంగతి. నాకు అసలు భయం వేరే.

జరిగే గేటు, అదే స్లైడింగ్ గేటు, రెండు మూడు వందల కిలోలుంటుంది. కింద రెండు రోలర్లు, పైన ఒక గైడు, చివర ఒక ఆపు. ఇవి నాలుగూ చిన్న ఇనుప ముక్కలు, తక్కువ ధరవి, అందరికంటే ముందు తుప్పు పట్టేవి. గైడు విరిగి, ఆపు ఊడితే ఆ గేటు దాని కొస దాటి ముందుకు వెళ్ళి మనిషి మీద పడుతుంది. వాచ్‌మన్ల మీద, గేటు పట్టుకుని వేలాడి ఆడుకునే పిల్లల మీద ఇలాంటి గేట్లు పడి ప్రాణాలు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. మా పక్కింటి గేటును ఎనిమిదేళ్ళ పిల్లవాడు రోజూ సాయంత్రం బండిలా తోస్తూ ఆడుకుంటాడు. పైన గైడును పట్టిన బోల్టు సగం పొడి అయిపోయి ఉంది. చెప్తే “సముద్రం పక్కన కదా, మార్చినా మళ్ళీ అంతే” అన్నారు. ఈ మాట మీద నా కోపం ఇందుకే. రంగు పోతే ఇంకోసారి వేసుకోవచ్చు. సముద్రం ఉంది కాబట్టి మార్చక్కర్లేదు అనడం కాదు, సముద్రం ఉంది కాబట్టే ఇంకా తొందరగా చూడాలి.

ఆపు అనేది మోటారులో సెట్టింగు కాకూడదు, నేలలో గట్టిగా పాతిన ఇనుము అయి ఉండాలి, ముంచిన జింకుతో. మోటారు విడదీసి, గేటును చేత్తో గట్టిగా రెండు చివరలకూ తోసి చూడండి, కొస దాటకూడదు. పక్కకు ఊపితే గైడు నుంచి బయటికి రాకూడదు. మోటారు ఉంటే దారిలో అడ్డం వచ్చినదాన్ని గుర్తుపట్టే ఫోటోసెల్ కావాలి, కొసకు రబ్బరు అంచు కావాలి. యూరపు ప్రమాణం ఇ.ఎన్. 12453 గేటు మూసుకునే సందులో ఒత్తిడి 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల తోపు, దాటకూడదంటుంది. కరెంటు పోయినప్పుడు చేత్తో విడిపించే తాళం నెలకోసారి తిప్పి చూడండి. వాన రాత్రి ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పి వచ్చినప్పుడు ఆ తాళం బిగిసిపోయిందని తెలియడం నాకిష్టం లేదు.

“ఇవన్నీ చేస్తే రేటు పెరుగుతుంది” అని బావ అంటాడు. పెరుగుతుంది. లేజరు ఆకులు తీసేయండి, రేకు తీసేయండి, ఎత్తు ఒక అడుగు తగ్గించండి. బరువు తగ్గితే జింకు ముంచే ఖర్చూ తగ్గుతుంది, అది కిలో లెక్కన కదా తీసుకుంటారు. పైపు మందం మాత్రం 1.2 మిల్లీమీటర్లు వద్దు, రెండు పైన వేయించండి. ముంచే తొట్టి మీ ఊళ్ళో లేకపోతే లారీ ఖర్చు ఉంటుంది. ముంచే ముందు పైపులకు గాలి పోయే రంధ్రాలు తప్పనిసరి, మూసిన పైపు 450 డిగ్రీల జింకులో పేలుతుంది. ఆ రంధ్రాలే తర్వాత నీరు బయటికి పోయే దారి కూడా. మీ ఫ్యాబ్రికేటరుకు ఈ సంగతి తెలుసో లేదో అడిగి చూడండి, అతని అనుభవం అక్కడే బయటపడుతుంది. అల్యూమినియం గేటు తేలిక, తీరానికి మంచిదే, కానీ స్టీలు బోల్టు నేరుగా తగలకుండా నైలాన్ వాషరు వేయించాలి, తడి సిమెంటు తగలనివ్వకూడదు.

బరంపురం బాబాయి సంక్రాంతి లోపల గేటు ఆర్డరు ఇస్తానన్నాడు. బాబాయీ, అడ్వాన్సు ఇచ్చే ముందు కోటేషను ఫోటో నాకు పంపు. అందులో పైపు మందం, జింకు ముంచేది వెల్డింగ్‌కు ముందా తర్వాతా, స్టీలు గ్రేడు, చివరి ఆపు ఎలా పాతుతారు, ఈ నాలుగూ అక్షరాల్లో ఉండాలి. “బెస్ట్ క్వాలిటీ” అని ఉంటే సంతకం పెట్టకు, నేనే ఆయనకు ఫోన్ చేసి మాట్లాడతాను, ఒడియా రాకపోయినా తెలుగు ఆయనకు వస్తుందన్నావు కదా.