కోర్టు కథలో లేని రమీజాబీ

కోర్టుల గురించి వచ్చిన నవలల్ని మనం సాధారణంగా రెండు కారణాలతో చదువుతాం. నేరం ఎవరు చేశారో తెలుసుకోవాలన్న ఉత్కంఠ ఒకటి, చివరికి న్యాయం గెలిచిందన్న తృప్తి రెండోది. ఈ రెండూ ఇవ్వని నవలలు కొన్ని ఉన్నాయి. వాటిలో తీర్పు మొదట్లోనే వచ్చేస్తుంది. ఆ తీర్పు మనిషిని ఏం చేసిందన్నదే తక్కిన కథ. స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనకు ఇలాంటి నవలలే ఎక్కువ అవసరం.

అమెరికాలోని లూసియానాలో పుట్టిన నల్లజాతి రచయిత ఎర్నెస్ట్ గెయిన్స్ 1993లో ప్రచురించిన ‘ఎ లెసన్ బిఫోర్ డయింగ్’ అలాంటిది. కథాకాలం 1940లు. తాను చెయ్యని హత్యకు జెఫర్సన్ అనే నల్లజాతి యువకుడికి మరణశిక్ష పడుతుంది. జ్యూరీ అంతా తెల్లవాళ్ళు. అతణ్ణి రక్షించే పేరుతో అతని లాయరే, ఇతడికి పథకం వేసే తెలివి లేదని, ఇతడూ పందీ ఒకటేనని వాదిస్తాడు. శిక్ష ఆగదు, పంది అన్న మాట మాత్రం అతనిలో ఉండిపోతుంది. పెంచిన తల్లి, బడి పంతులు దగ్గరికి వెళ్ళి ఒక్కటే కోరుతుంది: చనిపోయేలోగా తాను మనిషినని వాడికి తెలియాలి. కోర్టు లాక్కున్న మనిషితనాన్ని తిరిగి ఇవ్వడమే ఈ నవల చేసిన పని.

గెయిన్స్ నవలల్లో కేజన్లనే సమూహం కూడా కనిపిస్తుంది. 1755 నుండి బ్రిటిష్ పాలకులు కెనడాలోని అకాడియా నుండి వెళ్ళగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి వీళ్ళు. 1921లో లూసియానా రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషును తప్పనిసరి చేశాక, ఇంటి భాష మాట్లాడినందుకు వీళ్ళ పిల్లలు బడిలో దెబ్బలు తిన్నారు. అయినా నల్లవాళ్ళ ముందు వీళ్ళూ తెల్లవాళ్ళే. అవమానం అనుభవించిన సమూహం తనకంటే కిందున్న వాళ్ళను అవమానించగలదని, అదే సమూహంలో అందుకు ఒప్పుకోని మనిషీ ఉంటాడని ఆ కథలు చూపిస్తాయి. అక్కడ సంస్కృతి అలంకారం కాదు, ముద్దాయీ కాదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1978 మార్చి చివర్లో రాత్రి సినిమా చూసి ఇంటికి వెళ్తున్న రమీజాబీని నల్లకుంట పోలీసులు పట్టుకున్నారు. స్టేషన్‌లో ఆమెపై అత్యాచారం జరిగింది. ప్రతిఘటించిన భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. ఆయన రిక్షా తొక్కి బతికేవాడు. జనం స్టేషన్‌ను ముట్టడించారు, కాల్పులు జరిగాయి, నగరంలో కర్ఫ్యూ పెట్టారు. విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. అయితే 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం ఆ నివేదిక తీర్పు కాదు. కేసు కర్ణాటకలోని రాయచూరు సెషన్స్ కోర్టుకు బదిలీ అయింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా విడుదలయ్యారు.

ఒకే రాత్రికి రెండు కథలు. ఒకదాన్ని కమిషన్ నమ్మింది, ఇంకొకటి పోలీసులను విడిపించింది. ఆ రెండో కథను ఎలా అల్లారు? ఆమె వ్యభిచారి అన్నారు, ఆయన భార్యే కాదన్నారు. పేద ముస్లిం స్త్రీ జీవితంలో తెగిపోయి మళ్ళీ ముడిపడే పెళ్ళిళ్ళు, కాగితం లేని కాపురాలు ఆమె శీలానికి వ్యతిరేక సాక్ష్యాలుగా మారాయి. బతుకు తెరువే నేరమయింది. ఇందుకు చట్టం దారి తెరిచే ఉంచింది. అత్యాచార కేసుల్లో బాధితురాలి ‘నడవడి’ని ఎత్తి చూపవచ్చన్న సాక్ష్య చట్టంలోని 155(4) సెక్షన్ 2002 సవరణ దాకా తొలగలేదు. మధుర అనే ఆదివాసీ బాలిక కేసులో 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టినప్పుడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు. ఈ రెండు కేసుల మీద లేచిన ఉద్యమమే 1983లో చట్టాన్ని మార్చింది.

చట్టం మారింది. మరి మనం చెప్పే కథ మారిందా? సభల్లో, కరపత్రాల్లో రమీజాబీ పేరు ఒక సంఘటనగా, ఒక సంవత్సరంగా మిగిలింది. ఒక్క రాత్రిలో భర్తను కోల్పోయిన స్త్రీగా, మొగుడితో కలిసి సినిమాకు వెళ్ళడానికి ఇష్టపడిన మనిషిగా ఆమె మనకెంత తెలుసు? కోర్టు ఆమెను వ్యభిచారిని చేసింది. వీధుల్లోకి వచ్చిన కోపం చాలావరకు ఆమెను సమాజం పరువుగా చూసింది. మనం ఆమెను ఉదాహరణగా మార్చుకున్నాం. మూడింటిలోనూ ఆమె లేదు.

పాతబస్తీ విషయంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 1991లో వృద్ధుడైన సౌదీ షేకుకు కట్టబెట్టిన పదేళ్ళ పాతబస్తీ బాలికను విమానంలో ఎయిర్‌హోస్టెస్ గుర్తించి కాపాడినప్పుడు, పత్రికలు బురఖా గురించి, నిఖా గురించి రాసినంతగా దళారుల గురించి, కూలి రేట్ల గురించి రాయలేదు. సంస్కృతిని ముద్దాయిగా నిలబెడితే పేదరికం బోనెక్కకుండా తప్పించుకుంటుంది. ఇంకోవైపు చార్మినారు, లాడ్‌బజారు గాజులు, అత్తరు వాసనలు కలిపితే పాతబస్తీ కథ అయిపోతుందనుకునే రచనలకూ కొదవ లేదు.

తెలుగులో మనకు దారి లేకపోలేదు. విశాఖ కోర్టుల్లో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో పోలీసులకు, కోర్టుకు మధ్య నలిగే పేద స్త్రీలకు వాళ్ళ నోటనే మాట్లాడే అవకాశమిచ్చారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ పోరాట స్త్రీల గొంతులను వాళ్ళ మాటల్లోనే అచ్చువేసింది. 2004లో స్కైబాబ సంకలనం చేసిన ‘వతన్’ ముస్లిం జీవితాన్ని లోపలి నుండి తెలుగు కథలోకి తెచ్చింది. ఈ మూడు పనులనూ కలిపితే పాతబస్తీ స్త్రీ న్యాయచరిత్ర నవలగా రాగలదు.

అలా రాసేవాళ్ళు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. అత్యాచార దృశ్యాన్ని వర్ణించి పాఠకుల రక్తం మరిగించడం సులభం, కాని అది ఆమెను మళ్ళీ స్టేషన్‌కు ఈడ్వడమే. జీవించి ఉన్న స్త్రీల కేసులైతే పేరు దాచడం చట్టం కోసమే కాదు, మర్యాద కోసం కూడా. దక్కనీ ఉర్దూలో చెప్పిన వాంగ్మూలం ఇంగ్లీషు రికార్డుగా మారేటప్పుడు ఏ మాట జారిపోయిందో వెతకాలి.

అందుకు సామగ్రి కూడబెట్టవలసింది రచయితలొక్కరే కాదు. బస్తీల్లో పనిచేసే మనం కేసు ఫైలు మూసేసినప్పుడు దానితోపాటు ఆ స్త్రీ చెప్పిన తక్కిన మాటలనూ మూసేస్తున్నాం. కేసుకు పనికిరావని వదిలేసిన ఆ మాటలను, ఆమె ఒప్పుకుంటే, ఆమె భాషలోనే రాసి భద్రపరచాలి. ఆమెను ఆమెగా నిలబెట్టేవి అవే.