ముందు కోచ్‌లు, ఆ తర్వాతే శంషాబాద్

హైదరాబాద్ మెట్రో మీద ఎవరు మాట్లాడినా చర్చ చివరికి శంషాబాద్ చేరుతుంది. ఎయిర్‌పోర్టుకు మెట్రో లేకపోతే విశ్వనగరం ఎలా అవుతుందన్న విషయంలో మన పార్టీల మధ్య తగాదా లేదు. 2022 డిసెంబరు 9న కేసీఆర్ రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల లైనుకు శంకుస్థాపన చేశారు. అంచనా 6,250 కోట్లు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, రేవంత్ రెడ్డి ఆ దారిని పక్కనపెట్టి నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా 36.8 కిలోమీటర్ల కొత్త దారి గీయించారు. దారి మారినా మోజు మారలేదు. నా పేచీ ఆ మోజుతోనే.

విమానాశ్రయానికి వచ్చిపోయేవాళ్లు ఎందరు? 2023-24లో రెండున్నర కోట్ల మంది. దిగినవాళ్లు, ఎక్కినవాళ్లు, ఇక్కడ విమానం మారినవాళ్లు అంతా కలిపి రోజుకు డెబ్బై వేల లోపే. ఆ తర్వాత పెరిగారు కాబట్టి ఎనభై వేలే అనుకుందాం. అందులో నాలుగో వంతు రైలెక్కినా ఇరవై వేలు. ఇప్పుడున్న మెట్రోలో రోజూ తిరిగేవాళ్లు నాలుగున్నర లక్షల దాకా ఉన్నారు.

పైగా ఆ ఇరవై వేలైనా ఎక్కుతారా అన్నది అనుమానమే. గల్ఫ్ విమానాల్లో చాలామటుకు అర్ధరాత్రీ తెల్లవారుజామునా కదులుతాయి. మెట్రో ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదకొండు దాటాక పడుకుంటుంది. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో కొడుకును దుబాయి పంపడానికి వచ్చే కుటుంబం కారు మాట్లాడుకుని, ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని నేరుగా టెర్మినల్ ముందు దిగుతుంది. ఆ పెట్టెలూ అట్టడబ్బాలూ మోసుకుంటూ నాగోలులో రైలు మారదు. నగరంలోని ప్రయాణికుడికి పుష్పక్ బస్సు ఉంది, క్యాబ్ ఉంది.

ఢిల్లీ అనుభవం కళ్ల ముందే ఉంది. 2011 ఫిబ్రవరిలో అక్కడ ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ లైను మొదలైంది. మెత్తటి సీట్లు, సామానుకు అరలు, టికెట్టు మాత్రం ప్రియం. 2012 జూలైలో సాంకేతిక లోపాలతో ఆగిపోయింది. మళ్లీ నడిచాక 2013లో దాన్ని నడిపే రిలయన్స్ ఇన్‌ఫ్రా చేతులెత్తేసింది. ఢిల్లీ మెట్రో కార్పొరేషన్ తీసుకుని చార్జీలు బాగా తగ్గించాకే జనం పెరిగారు. విమానం ఎక్కేవాడి కోసమే కట్టిన లైనును చివరికి ఆఫీసులకు పోయేవాళ్లే ఆదుకోవాలి.

ఇక మనవాళ్ల సంగతి. మొదటి దశ కోసం 2012లో హ్యుందాయ్ రోటెమ్‌కు ఇచ్చిన ఆర్డరు 57 రైళ్లు, రైలుకు మూడు కోచ్‌లు, మొత్తం 171. విలువ సుమారు 1,800 కోట్లు. స్టేషన్లు మాత్రం ఆరు కోచ్‌ల రైలు పట్టేలా కట్టారు. 2017 నవంబరులో మియాపూర్–నాగోలు లైను మొదలైంది, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ తెరిచారు, నెట్‌వర్కు 69 కిలోమీటర్లు దాటింది. రైలు మాత్రం మూడు కోచ్‌ల దగ్గరే ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేటలో నిలబడి చూడండి. సగం ప్లాట్‌ఫారానికి రైలే రాదు, వచ్చిన సగంలో కాలు పెట్టే చోటుండదు. కట్టిన సిమెంటుకు వడ్డీ కడుతున్నాం, దాన్ని వాడుకోవడానికి కావలసిన కోచ్‌లు కొనం. ఇంతకన్నా తెలివితక్కువ పొదుపు నాకు కనబడదు.

శంషాబాద్ లైను కూడా కలిసిన రెండో దశలో 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లంటున్నారు. సగటున కిలోమీటరుకు దాదాపు 318 కోట్లు. 2012 ధరకు ఒక్కో కోచ్ పదిన్నర కోట్లు పడింది. ఇప్పుడు రెట్టింపు అయిందనుకున్నా, ఒక్క కిలోమీటరు డబ్బుతో పదిహేను కోచ్‌లు వస్తాయి. పన్నెండు కిలోమీటర్ల డబ్బు వెచ్చిస్తే 57 రైళ్లూ ఆరు కోచ్‌లవుతాయి. వాటికి డిపోలు పెంచాలి, కరెంటు పెంచాలి, ఒప్పుకుంటాను. అదంతా కలిపినా శంషాబాద్ లైను ఖర్చు దరిదాపుల్లోకి రాదు. కోచ్‌లు కొనడం మెట్రో కట్టిన ఎల్ అండ్ టీ కంపెనీ పని అన్న సాకూ చెల్లదు. ఎల్ అండ్ టీ నుంచి మొదటి దశను తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వమే సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

మరి శంషాబాద్‌ను వదిలేయమంటారా అంటారు. వదలొద్దు. ఆ ఊళ్లో పట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా దాటి ఉందానగర్ స్టేషన్ దాకా వచ్చింది. అక్కణ్నుంచి టెర్మినల్ కొద్ది కిలోమీటర్లే. రోజూ విమానాశ్రయానికి పోయేవాళ్లలో కార్గో షెడ్డులో మోసేవాళ్లు, గేట్ల దగ్గర సెక్యూరిటీ గార్డులు, నేల తుడిచే ఆడవాళ్లు ఉన్నారు. షిఫ్టులకు తగ్గట్టు రైలు, దిగగానే బస్సు ఉంటే వీళ్లకు ఆ దారి చాలు. బెంగళూరులోనూ 2021లో విమానాశ్రయం దగ్గర రైల్వే హాల్టు పెట్టారు, ఎవరూ ఎక్కలేదని ఎత్తిపొడిచేవాళ్లున్నారు. రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టే రైళ్లు నడిపితే ఎక్కడైనా అంతే.

కొత్త దారి పాతదాని కంటే నయమే. చాంద్రాయణగుట్ట వైపు జనం ఉన్నారు, వాళ్లకు మెట్రో దక్కాలి. అలాంటప్పుడు దాన్ని పాతబస్తీ లైను అని చెప్పే కట్టండి, విమానం బొమ్మ పెట్టి అమ్మకండి. ఎయిర్‌పోర్టు మెట్రో పేరుతో మీ ముందుకు ఇంకో శిలాఫలకం వస్తే చప్పట్లు కొట్టే ముందు ఒక్క సంగతి అడగండి: మూడు కోచ్‌ల రైలు ఆరు ఎప్పుడవుతుంది, తేదీ చెప్పమనండి.