“తాగకపోతే దేవుడండీ”

భర్త కొట్టాడని చెప్పిన స్త్రీ తరచుగా ఆ వెంటనే “తాగకపోతే దేవుడండీ” అని కూడా అంటుంది. ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన వైద్యులకు ఈ మాట కొత్త కాదు. ఇందులో సగం సత్యమున్నది. మిగిలిన సగం ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం, భర్త తరచుగా తాగి మత్తులో ఉండే స్త్రీలలో 70 శాతం మంది అతని చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. మద్యం ముట్టని భర్తలున్న స్త్రీలలో ఇది 23 శాతం. మెదడు ముందుభాగం మన ఆవేశానికి కళ్ళెం వేస్తుంది. మద్యం ఆ కళ్ళాన్ని సడలిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడడానికి ఈ శాస్త్రం తెలియవలసిన అవసరం లేకపోయింది.

కాని ఆ 23 శాతం మాటేమిటి? మత్తులో కూడా దుకాణదారుపై, ఎదురుపడిన పోలీసుపై చేయి ఎత్తని మనిషి, ఇంటికి వచ్చి తలుపు వేసిన తరువాతనే ఎత్తుతున్నాడంటే, ఎవరిని కొట్టవచ్చునో అతనికి తెలిసే ఉన్నది.

అతని బాల్యాన్ని కూడా విచారించాలి. తండ్రి తల్లిని కొట్టగా చూస్తూ పెరిగిన బాలుని మనస్సు ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది. పెద్దవాడైన తరువాత కూడా చిన్న ఎదురుమాట అతనికి దాడివలె తోస్తుంది. ఆ బెదురును అణచుకోవడానికి కొందరు తాగుతారు. అట్లా పెరిగినవారిలో అనేకులు భార్యపై చేయి చేసుకోరు. కనుక ఈ గాయానికి చికిత్స కావాలి గాని, దీనిని క్షమాపత్రంగా స్వీకరించరాదు. ఇక దెబ్బలు తిన్న ఆమెకు నిద్ర ఉండదు, గుండెదడ, తలనొప్పి. మనం “నీరసం” అని వ్రాసి, బలానికి సూదిమందు ఇచ్చి పంపిస్తాము!

మరొక సంగతి గట్టిగా చెప్పవలసి ఉన్నది. తాగుడు మాన్పించే మాత్రలను భర్తకు తెలియకుండా కూరలో కలిపి పెట్టే స్త్రీలున్నారు. డైసల్ఫిరామ్ తీసుకున్న మనిషి తాగితే వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కొక్కసారి ప్రాణాపాయం కూడా కలుగుతాయి. రోగి అంగీకారం లేకుండా ఆ మందు ఇవ్వరాదు. సంగతి బయటపడిననాడు దెబ్బలు తినేది కూడా ఆమెయే. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానినా రెండు మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమ రావచ్చును. మాన్పించడం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. ఆ చికిత్స ఫలించేవరకు ఆమె దెబ్బలు ఓర్చుకోవాలని చెప్పే పెద్దలతో నేను ఏకీభవించను. ఆమె రక్షణ, అతని చికిత్స వేర్వేరు పనులు.

వైద్యులు ఆమెను భర్త, అత్తగారు లేనప్పుడు ఒంటరిగా ప్రశ్నించాలి. “మెట్ల మీద జారాను” అన్నప్పుడు ముంజేతుల మీది కమిలిన గుర్తులను, మెడను చూడాలి. గొంతు నులిమిన భర్త మరునాడు చంపగలడు. పైకి గాయం కనిపించకపోయినా ఆమె ఆ దినమే ఆసుపత్రికి రావాలి, లోపలి వాపు ఆలస్యంగా బయటపడవచ్చును. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ఆమె కోరితే ఆసుపత్రి చికిత్స చేసి తీరాలి; ముందుగా ఫిర్యాదు ఇచ్చి ఉండనక్కరలేదు. మహిళా సహాయవాణి 181 కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును.