నీళ్లున్నాయి, తెడ్డే ఇవ్వలేదు

2018 నవంబరు 16 నుంచి 18 వరకు కృష్ణానది మీద ప్రపంచ స్థాయి పవర్‌బోట్ పందేలు జరిగాయి. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర ఎఫ్‌1హెచ్‌2ఓ పడవలు నీటిని చీల్చుకుంటూ దూసుకుపోయాయి. రాజధాని పేరుతో ‘టీమ్ అమరావతి’ అనే జట్టు కూడా బరిలో దిగింది. ఆ జట్టు పడవలు నడిపింది స్వీడన్ వాళ్లు జోనాస్ ఆండర్సన్, ఎరిక్ ఎడిన్. నది మనది, పేరు మనది, గట్టున నిలబడి చప్పట్లు కొట్టిన జనం మనవాళ్లే. పడవలో కూర్చున్నవాడు మాత్రం మనవాడు కాదు. మూడు రోజుల్లో హడావుడి ముగిసింది. నదికి ఇవతలి గట్టున ఉన్న గుంటూరు సీమలో పిల్లల చేతికి తెడ్డు ఇచ్చే శిక్షణ కేంద్రం ఒక్కటీ ఆ పోటీ వెంట రాలేదు.

మా అభియోగం సూటిగా ఇదీ: ఈ రాష్ట్రాన్ని ఏలినవాళ్లు, ఏ పార్టీవాళ్లయినా, నీటిని వేడుకలకు వాడుకున్నారు గానీ ఆ నీటి పక్కన పుట్టిన పిల్లలకు ఆటస్థలంగా ఏనాడూ చూడలేదు.

పవర్‌బోటుకు ఇంజిను కావాలి, ఇంధనం కావాలి, కోట్లు కుమ్మరించే స్పాన్సర్లు కావాలి. తెడ్డుతో నడిపే కానో, కయాక్ స్ప్రింట్ పందేలకు కావలసింది నిలకడైన నీరు, మనిషి రెక్కల కష్టం. 1936 బెర్లిన్ నుంచి ఇది ఒలింపిక్ క్రీడ. దీని ప్రపంచ చాంపియన్‌షిప్‌లు 1938లో స్వీడన్‌లోని వాక్స్‌హోమ్‌లో మొదలయ్యాయి. 2025 ఆగస్టులో ఆ పోటీలు ఇటలీలోని మిలాన్‌లో జరిగాయి. వేదికైన ఇద్రోస్కాలో ఒకప్పుడు నీటిమీద దిగే విమానాల కోసం తవ్విన సరస్సు. వాళ్లు సరస్సు తవ్వుకుని మరీ ప్రపంచాన్ని పిలిచారు. మనకు కృష్ణ ఉంది, గుండ్లకమ్మ ఉంది, కొమ్మమూరు కాలువ ఉంది, కంభం చెరువు ఉంది.

ఆట ఎలా ఉంటుందో తెలిస్తే ఈ నిర్లక్ష్యం విలువ ఎంతో తెలుస్తుంది. కయాక్‌లో కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు వేస్తారు. కానోలో ఒక మోకాలు పడవ అడుగున ఆనించి, రెండో కాలు ముందుకు మోపి, ఒంటి రెక్క తెడ్డును ఒకే పక్కన వేస్తారు. చుక్కాని ఉండదు. ఒక పక్కనే తోస్తుంటే పడవ రెండో పక్కకు తిరిగిపోతుంది. అలా తిరగకుండా తెడ్డు వేసిన ప్రతిసారీ చివర్లో మణికట్టు మెలి తిప్పి పడవను దారిలో పెట్టాలి. ఒక్కరు నడిపే కయాక్ పొడవు 5.2 మీటర్లకు మించదు, బరువు కనీసం 12 కిలోలు ఉంటే చాలు. అంత తేలిక, అంత సన్నం కాబట్టి కొత్తవాడు ఎక్కీ ఎక్కగానే నీళ్లలో పడతాడు. అందుకే ఈ ఆటలో మొదటి పాఠం ఈత, మొదటి సామగ్రి లైఫ్ జాకెట్.

ఆ మొదటి పాఠం, ఆ మొదటి సామగ్రి లేకనే ప్రకాశం జిల్లా గుండె పగిలింది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పర్యాటకుల పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఒంగోలు నుంచి కార్తీక మాసం విహారానికి వచ్చినవాళ్లు. పడవకు అనుమతి లేదు, ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి అదే కృష్ణానది మీద పవర్‌బోట్ల సంబరం జరిగింది. అంతమంది మునిగిన నీటి దగ్గర ప్రభుత్వం మొదట చేయాల్సిన పని జిల్లాకొక ఈత, పడవ శిక్షణ కేంద్రం పెట్టడం. దాన్ని వదిలేసి వేడుకకు పూనుకోవడం క్షమించరాని తప్పు.

ఇక ఉన్న నీటినైనా కాపాడుకున్నామా? దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా సాగే కొమ్మమూరు కాలువ ఒకప్పుడు పడవల దారి. పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలిసి మద్రాసు దాకా సరుకు చేరవేసిన నీటి రహదారి. 2008లో కేంద్రం ఈ కాలువలను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. ప్రకటన వచ్చింది, కొమ్మమూరు మీదికి పడవ మాత్రం తిరిగి రాలేదు. వచ్చింది గుర్రపు డెక్క. చేలకు నీళ్లందించాల్సిన కాలువే ఊపిరాడక ఉంటే అందులో పిల్లలు తెడ్డు ఎక్కడ వేస్తారు?

గుండ్లకమ్మ సంగతి మరీ దారుణం. మల్లవరం దగ్గర ఆ నది మీది జలాశయంలో 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోయింది. ఏడాదిన్నర తిరక్కుండానే, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెనకే, మరో గేటు కొట్టుకుపోయింది. కరవు జిల్లాలో కూడబెట్టుకున్న నీరు రెండుసార్లు కళ్లముందే సముద్రం పాలైంది. గేట్లు పట్టించుకోని నిర్లక్ష్యం, క్రీడలను పట్టించుకోని నిర్లక్ష్యం వేర్వేరు కావు.

కానో, కయాక్ డబ్బున్న దేశాల ఆట అని తప్పించుకోవడానికి వీల్లేదు. 2023 అక్టోబరు 3న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇద్దరి కానో వెయ్యి మీటర్ల పందెంలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలామ్ కాంస్యం గెలిచారు. 1994 హిరోషిమా తర్వాత ఈ క్రీడలో భారత్‌కు దక్కిన పతకం అది. సునీల్ మణిపూర్‌లో లోక్‌తాక్ సరస్సు మీద బతికే మత్స్యకారుల ఇంటి బిడ్డ. టోక్యో పారాలింపిక్స్‌లో దేశం తరఫున తొలిసారి కానో నడిపిన ప్రాచీ యాదవ్ భోపాల్ చెరువులో సాధన చేసిన అమ్మాయి. పక్కనున్న ఒడిశాలో మహానది ఒడ్డున జగత్‌పూర్‌లో, కేరళలో ఆలప్పుళలో భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రాలు నడుస్తున్నాయి. మన నది ఏ విషయంలో తీసిపోయింది?

మిర్చి ధర కుప్పకూలి, 2025 ఫిబ్రవరిలో క్వింటాకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం జోక్యం చేసుకోవాల్సి వచ్చిన నేల ఇది. ఇక్కడ పడవ పందేల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. ఆ కష్టం తెలుసు కాబట్టే అడుగుతున్నాం. మహారాష్ట్రలో కరవు పీడిత ఊళ్లో బావులు తవ్వే కూలీ కొడుకు దత్తు భోకనల్. నీళ్లంటే భయపడేవాడు. సైన్యంలో చేరి రోయింగ్ నేర్చుకుని 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. కౌలు రైతు ఇంటి కుర్రాడికి, మిర్చి కోతకు వెళ్లే తల్లి కూతురికి కూడా ఆటే ఉద్యోగానికి దారి కాగలదు. పైగా ఈ ఆట నీటిని తాగేయదు, చేనుకు వెళ్లే చుక్కను ఆపదు. పడవ ఖరీదు లక్షల్లో ఉంటుంది, ఏ రైతూ కొనలేడు. ప్రభుత్వం ఉండాల్సింది ఇలాంటి చోటే.

కానీ ప్రభుత్వాలు చేసిందేమిటి? 2023 డిసెంబరులో ఆర్భాటంగా మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ క్రీడా పోటీల్లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఉన్నాయి. సుదీర్ఘ తీరం, రెండు మహానదులు ఉన్న రాష్ట్రంలో నీటి ఆట ఒక్కటీ లేదు. 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానం ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్ల రూపాయలు ప్రకటించింది. గెలిచాక ఇచ్చే కోట్లకు అభ్యంతరం లేదు. గెలవకముందు, పన్నెండేళ్ల పిల్ల మొదటిసారి గట్టు దిగేటప్పుడు ఆమెకు కోచ్ ఎవరు, పడవ ఏది అన్న ప్రశ్నకు జవాబు కావాలి. పందెం అయ్యాక పూలదండ వేసేవాళ్లే తప్ప పందేనికి పంపేవాళ్లు లేకపోవడం ఈ రాష్ట్ర క్రీడారంగానికి పట్టిన పాత జబ్బు.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. బ్యారేజీ ఎగువన తాడేపల్లి, సీతానగరం వైపు నీటిలో వరద తగ్గాక వెయ్యి మీటర్ల శిక్షణ దారి గుర్తించండి. 9 మీటర్ల వెడల్పున తొమ్మిది వరుసలు వేసినా 81 మీటర్లే. అక్కడ పడవల షెడ్డు కట్టి, అర్హులైన కోచ్‌లను నియమించండి. కొమ్మమూరు వెంట ఉన్న గురుకులాల్లో ఈత తప్పనిసరి చేయండి. గుర్రపు డెక్క తీయించండి. గుండ్లకమ్మ గేట్ల తనిఖీ నివేదికలు ఏటా ప్రజల ముందు పెట్టండి. లైఫ్ జాకెట్ లేకుండా ప్రయాణికులను ఎక్కించిన ప్రతి పడవనూ సీజ్ చేయండి. ఏ పనికి ఏ అధికారి బాధ్యుడో, ఎప్పటికి పూర్తవుతుందో పేరుతో, తేదీతో ప్రకటించండి.

కృష్ణ మీద మళ్లీ అంతర్జాతీయ పోటీలు నిర్వహిస్తామని రేపు ఏ మంత్రి ప్రకటించినా ఈ సీమ ప్రజలు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ పోటీలో దిగే మన పిల్లలు ఎవరు? వాళ్ల పేర్లు చూపించలేని ప్రభుత్వానికి ఆ పోటీకి ప్రజల సొమ్ము ఒక్క రూపాయి ఖర్చు పెట్టే హక్కు లేదు.