కారు వాసనకు సెంటు కొట్టకండి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రైల్వేలో చేరాక నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పోయిన వారం మన హాల్లో పెళ్లికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు కదా. కింద సెల్లారులో ఒక కారు ఇంజను ఆన్‌లో పెట్టి, ఏసీ వేసి, అద్దాలు మూసి, ఇద్దరు పిల్లలను పడుకోబెట్టారు. తలుపు తీస్తే లోపల పొగ వాసన. "ఏమప్పా ఇది?" అన్నాను. "బళ్లారిలో ఏ కారులో రాదు సార్ వాసన? సెంటు డబ్బా పెట్టినాము కదా" అన్నాడు తండ్రి. పిల్లలను లేపి పైకి పంపేదాకా నాకు అన్నం దిగలేదు.

ఖనిజం లారీలు, తోరణగల్లు వైపు ఫ్యాక్టరీలు, ఎర్ర దుమ్ము, ఇవన్నీ ఉన్నమాట నిజమే. కానీ మన కారు కంపును కూడా వాటి ఖాతాలోనే రాసేస్తున్నాం. గూడ్సు బండి పోతుంటే మాడిన వాసన వస్తే, హాట్ యాక్సిల్ అని ముందు స్టేషనుకు ఫోను చేసి బండి ఆపించేవాళ్లం. ఎవరూ అగరుబత్తి వెలిగించలేదు.

సైలెన్సరులో కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇంజనుకు పెట్రోలు ఎక్కువ పోతుండాలి, లేదా క్యాటలిటిక్ కన్వర్టరు పాడై ఉండాలి. పచ్చి పెట్రోలు వాసనైతే స్పార్క్ ప్లగ్గు, ఇంజెక్టరు చూపించండి. నీలం పొగతో నూనె మాడిన వాసనైతే ఇంజనాయిలు కాలుతోంది. తియ్యటి వాసన, ఆగని తెల్లపొగ అయితే కూలెంటు ఇంజనులోకి దిగుతోంది. ఈ చివరిది నా అనుభవమే. "చలికాలం ఆవిరే సార్" అని మెకానిక్ అంటే నమ్మి నెలరోజులు తిరిగాను. ఆలూరు దాటాక ఆదోని దారిలో హెడ్ గాస్కెట్ పోయింది. ఇంట్లో ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

అది డబ్బుతో పోయింది. లోపలికి వచ్చే పొగ అలా పోదు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసనే లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రపోయే పిల్లలకు అదీ తెలియదు. ఎమిషన్ టెస్టు కాగితం ఉంది కదా అంటారు. ఆ టెస్టు గొట్టం చివర పొగను చూస్తుంది, మధ్యలో పైపు చిల్లిపడి లోపలికి వచ్చేదాన్ని చూడదు. అందుకు కారును పైకెత్తి చూడాల్సిందే.

సెక్రటరీగారూ, సెల్లారులో ఇంజను ఆన్ పెట్టి ఎవరూ కూర్చోరాదని గోడ మీద కన్నడలో, తెలుగులో రాయిద్దాం. వచ్చే మీటింగులో పెట్టండి. పెయింటు ఖర్చు నాది.