పేరు పెట్టి పిలిస్తే

నేను ఎమ్.ఏ. తెలుగు చదివిన రోజుల్లో మా పాఠ్యగ్రంథాల్లో నల్లజాతి రచయిత ఒక్కరూ లేరు. ఉద్యోగంలో చేరాక, ఒకనాడు రైల్లో ఎదుటి బెంచీ ఆయన చేతిలో 'ఏడు తరాలు' కనబడింది. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన 'రూట్స్' నవలకు సహవాసిగారి తెలుగు సేత. కాసేపటికని అడిగి పుచ్చుకున్నాను. నా స్టేషను వచ్చినా తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

ఆఫ్రికాలో పట్టుబడి, 1767లో ఓడమీద అమెరికా చేరి, అక్కడ అమ్ముడుపోయిన కుర్రవాడు కుంటా కింటే. కొన్న దొర 'టోబీ' అని పేరు పెట్టాడు. పైకి పలికాడే గాని, లోలోపల అతడు టోబీ కాలేదు. తన అసలు పేరును కూతురు కిజీకి ఆస్తిలా అప్పగించాడు. ఆ పేరు తరాలు దాటి నడిచింది.

మొన్న జాషువాగారి 'గబ్బిలం' పాఠం చెబుతూ ఈ కథ ఎత్తుకున్నాను. "మన ఊళ్లలోనూ ఎల్లయ్య 'ఎల్లిగాడు' అయ్యాడు, పుల్లమ్మ 'పుల్లి' అయింది" అని ఆవేశపడ్డాను. పిల్లలు కదలకుండా విన్నారు.

గంట కొట్టారు. గొంతు ఎండిపోయి గుమ్మంలోంచి కేకేశాను: "ఒరేయ్ నీళ్లబ్బాయ్!"

ఆ నీళ్లబ్బాయి నాకంటే పదేళ్లు పెద్ద.

ముందు వరుసలో అమ్మాయి మెల్లిగా అడిగింది. "ఆయన పేరేమిటండీ, మేష్టారూ?"

పద్నాలుగేళ్లుగా ఆయన చేతి నీళ్లు తాగుతున్నాను. నాకు తెలియదు!

సాయంత్రం కనుక్కున్నాను. మర్నాడు పేరు పెట్టి, 'గారు' చేర్చి పిలిచాను. ఆయన పలకలేదు. నేనెవరినో పిలుస్తున్నాననుకుని, వెనక్కి తిరిగి చూశాడు.