బోనస్ షరతు బయటపెట్టండి

సంపాదకులకు,

మేనేజర్ల బోనస్‌కూ కార్మికుల జీతాల పెంపుకూ సంబంధం లేదని, రెండూ వేర్వేరు పద్దులని మీ పత్రికలో వచ్చిన వ్యాసం తేల్చేసింది. పద్దులు వేరే కావచ్చు, లెక్క ఒక్కటే. ప్లాంటు ఖర్చు తగ్గిస్తేనే బోనస్ అన్న షరతు ఉన్నచోట జీతాలూ ఖర్చు కిందికే వస్తాయి. కింద ఇంక్రిమెంట్ పెరిగితే పైన టార్గెట్ తప్పుతుంది. అందుకే ఏడాదంతా 'బాగా చేస్తున్నవ్' అన్న సారు, ఏప్రిల్ రాగానే రేటింగ్ కాగితం మీద 'సగటు' అని రాసి సంతకం పెడతాడు.

పాలమూరుకు ఈ లెక్క తెలియనిది కాదు. వలస కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి కమీషన్ ఇచ్చేది కాంట్రాక్టరు. అలాంటి మేస్త్రీ కూలీల తరఫున రేటు కోసం ఎంత గట్టిగా కొట్లాడతాడు?

లిస్టెడ్ కంపెనీలు జీతాల వివరాలన్నీ వెల్లడిస్తున్నాయన్న వాదన కూడా సగమే నిజం. డైరెక్టర్ల జీతం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో చెప్పాలని 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ అడుగుతుంది. కానీ కాంట్రాక్టరు మస్టర్‌లో ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. ప్లాంటు మేనేజరుకు ఏ షరతు మీద బోనస్ ఇస్తున్నారో అందులో కనిపించదు.

జడ్చర్ల నుంచి చౌటుప్పల్ దాకా ఫార్మా ప్లాంట్లలో వేల మంది బతుకులు ఈ షరతుల మీద ఆధారపడి ఉన్నాయి. సంబంధం లేదని తీర్పు చెప్పేముందు, ఆ షరతులు బయటపెట్టమని యాజమాన్యాలను అడగండి.

– ఒక ఫార్మా కార్మికుడు, జడ్చర్ల